ఎడం చెయ్యి నొప్పితో వచ్చిన కుర్రాడు, 1996లో నేను కలిసిన పియానో ఆయన

నేను విజయనగరంలో కీబోర్డ్ నేర్పుతాను, అంతకు ముందు చాలా ఏళ్ళు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో వాయించాను. ఈ మధ్య మన వైపు నేర్పేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి మా స్టూడెంట్స్‌కి కూడా చెయ్యి నొప్పి వస్తోంది ఏం చెయ్యాలి అని అడిగారు, ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్తే అర్థం కాదు కాబట్టి ఒక కుర్రాడి కేసు మొదట్నుంచీ రాస్తున్నా, నేను చేసిన తప్పుతో సహా. కుర్రాడిని, వాళ్ళ అమ్మని అడిగే రాస్తున్నా, పేరు మాత్రం రాయట్లేదు.

కుర్రాడికి 17, ఇంటర్ సెకండియర్, నెల్లిమర్ల వైపు ఊరు. మొదట్నుంచీ నా దగ్గర నేర్చుకున్నవాడు కాదు, వీడియోలు చూసి సొంతంగా నేర్చుకున్నాడు. చెవి చాలా గట్టిది, ఏ పాటైనా రెండుసార్లు వింటే పట్టేస్తాడు, కుడి చెయ్యి అయితే నీళ్ళలా పరిగెడుతుంది. ఆదివారం చర్చిలో వాయిస్తాడు, సీజన్లో ఒక ఆర్కెస్ట్రాతో పెళ్ళిళ్ళకి వెళ్తాడు. పోయిన జూన్‌లో వాళ్ళ అమ్మ తీసుకొచ్చింది. "మాస్టారూ, ఈడు రేత్రంతా సెయ్యి పట్టుకుని కూకుంతన్నాడండి. పోనీ అది అమ్మీరా అంటే ఏడుస్తన్నాడు. ఏటి సెయ్యాలో మీరే సెప్పండి" అంది. వాడు తల దించుకుని కూర్చున్నాడు, ఎడం చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కుడి చేత్తో దాన్ని పట్టుకుని.

నొప్పి ఎక్కడ అంటే ఎడం మణికట్టు లోపలి వైపు, బొటనవేలి మొదలు దగ్గర, అక్కణ్ణుంచి ముంజేయి మీదుగా మోచేతి దాకా లాగుతోంది. వాయించడం మొదలెట్టిన 20 నిమిషాలకి వస్తుంది, ఆపినా రెండు మూడు గంటలు పోదు. తిమ్మిరి లేదు, వేళ్ళు మొద్దుబారడం లేదు. నేను మొదట అడిగేది ఇదే, ఎందుకంటే తిమ్మిరి ఉంటే నేను కీబోర్డ్ ముట్టుకోనివ్వను, ముందు డాక్టర్ దగ్గరికే పంపిస్తాను. వీళ్ళు అప్పటికే ఎముకల డాక్టర్‌కి చూపించారు, ఎక్స్‌రేలో ఏమీ లేదు, వాడకం ఎక్కువై కండరాలు పట్టేశాయి, రెండు వారాలు రెస్ట్ ఇచ్చి మెల్లగా మొదలెట్టమన్నారు. రెస్ట్ ఇచ్చాడు, తగ్గింది, మళ్ళీ వాయించాడు, నాలుగో రోజుకి మళ్ళీ వచ్చేసింది. రెస్ట్‌తో తగ్గి, వాయిస్తే తిరిగొస్తోందంటే తేడా వాయించే పద్ధతిలో ఉందన్నమాట, అది చూడాల్సింది మనం, డాక్టర్ కాదు.

వాడి కీబోర్డే తెప్పించాను, యమహా పీఎస్ఆర్ ఐ500, 61 కీలు, దాంతో పాటు ఎక్స్ స్టాండ్. ఇంట్లో ఎలా పెట్టుకుంటావో అలాగే పెట్టమన్నాను. స్టాండ్‌ని అన్నిటికన్నా పై గాడిలో పెట్టాడు, కింద ప్లాస్టిక్ కుర్చీ. టేపుతో కొలిస్తే నేల నుంచి కీ దాకా 80 సెంటీమీటర్లు ఉంది, మామూలు పియానోకి 73 అటూ ఇటూ ఉంటుంది. అంటే వాడి మోచెయ్యి కీ కన్నా కిందకి ఉంది, మణికట్టు వెనక్కి విరిచి వాయిస్తున్నాడు. ఫోన్‌తో పక్కనుంచి వీడియో తీశాను. ఈ పని అందరూ చెయ్యండి, ఎదురుగా నిలబడి చూస్తే మన చూపంతా కుడి చేతి మీదకే పోతుంది.

అసలు తేడా ఎడం చేతిలో ఉంది. ప్రతి కార్డ్ (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) మూడు వేళ్ళతో, రూట్ (కార్డ్‌కి పేరిచ్చే మూల స్వరం) కిందనే పెట్టి, కింది ఆక్టేవ్‌లో, అంటే కింది స్థాయిలో, తాళం ఒక ఆవర్తం మొత్తం నొక్కి పట్టుకుంటున్నాడు. డీ మైనర్ కార్డ్ నుంచి జీ కార్డ్‌కి వెళ్ళాలంటే చెయ్యి మొత్తం లేపి గెంతుతున్నాడు, జీ నుంచి సీకి మళ్ళీ గెంతు. వీడియో ఆపి పెద్దది చేసి చూస్తే బొటనవేలి గోరు తెల్లగా పాలిపోయి ఉంది. అంత గట్టిగా నొక్కుతున్నాడు. కీ ఒకసారి కిందకి దిగిపోయాక ఇంకెంత నొక్కినా ఆ కీబోర్డ్‌లో సౌండ్ పెరగదు, పియానోలో అయినా అంతే, సుత్తి తీగని కొట్టి వెనక్కి వచ్చేశాక వేలు ఎంత తొక్కినా తీగకి తెలీదు. ఆ బలమంతా తిరిగి మణికట్టుకే వస్తుంది.

ఇక్కడ నేను తప్పు చేశాను. ఎడం చెయ్యి బలహీనంగా ఉంది కాబట్టి నొప్పి వస్తోంది అనుకున్నాను. స్టాండ్ దించాను, కుర్చీ మార్చాను, అంతవరకు సరే, దాంతో కొంచెం తగ్గింది కూడా. కానీ దాంతో పాటు ఎడం చేతి వేళ్ళకి బలం వచ్చే ఎక్సర్‌సైజులు ఇచ్చాను, రోజుకి అరగంట. మూడు వారాలు చేశాడు పాపం, చెప్పింది చెప్పినట్టు చేసే కుర్రాడు. నాలుగో వారం వచ్చి "మాస్టారూ, గ్లాసు పట్టుకున్నా నెప్పొస్తందండి" అన్నాడు. "నా సెయ్యి పోద్దా మాస్టారూ" అని కూడా అడిగాడు. అప్పుడు వాడికి ఆస్కార్ పీటర్సన్ అనే పెద్ద జాజ్ పియానో ఆయన సంగతి చెప్పాను, 1993లో పక్షవాతం వచ్చి ఎడం చెయ్యి దెబ్బతింటే, మునుపటిలా మళ్ళీ ఎప్పటికీ రాకపోయినా, తిరిగి స్టేజీ ఎక్కి వాయించాడని, నీకు అలాంటిదేమీ రాలేదురా, నీది నూరు శాతం దారికొచ్చే చెయ్యి అని. ఎక్సర్‌సైజులు ఆ రోజే ఆపేయించాను.

ఆ రాత్రి వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. ఆ తెల్లబడిన గోరు చూస్తుంటే ఒక పెద్దాయన నా బొటనవేలు పట్టుకుని ఇదే చూపించిన రోజు గుర్తొచ్చింది. కేసుకి మందు అక్కణ్ణుంచే దొరికింది కాబట్టి ఆ సంగతి పూర్తిగా చెప్పాలి.

1996 డిసెంబర్. నాకప్పుడు 22. మ్యూజిక్ కాలేజీలో వయొలిన్ నేర్చుకుంటూ సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయించేవాణ్ణి. మా మావయ్య రైల్వేలో గార్డు, ఖరగ్‌పూర్ నుంచి ఒకసారి ఒక క్యాసెట్ తెచ్చాడు, ఎవరో రికార్డ్ చేసి ఇచ్చింది, పైన పెన్సిల్‌తో ఒక పేరు, 'పియానో' అని, అంతే. కలకత్తా హోటళ్ళలో జాజ్ వాయించే ఒక ఆంగ్లో ఇండియన్ ఆయన. ఆయన పేరు ఇక్కడ రాయను, ఆయనకి పేరు మోయడం ఎప్పుడూ ఇష్టం ఉండేది కాదు. ఆ క్యాసెట్ నేను నాలుగేళ్ళు విన్నాను. ఏం చేస్తున్నాడో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, కానీ ఆపలేకపోయేవాణ్ణి. పాట ఎక్కడో పైన నడుస్తుంటే కింద చీకట్లో ఎవరో దీపం వెలిగించి మళ్ళీ ఆర్పేస్తున్నట్టు అప్పుడో రెండు స్వరాలు, ఇప్పుడో రెండు స్వరాలు.

ఆయన చిన్నప్పుడు వాల్తేరు రైల్వే క్వార్టర్స్‌లోనే పెరిగారట. చెల్లెలి మనవరాలి పెళ్ళికి విజయనగరం వచ్చారు, కంటోన్మెంట్ వైపు చర్చి హాల్లో పెళ్ళి, ఆర్కెస్ట్రా మాది. ఎవరో ఆయన పేరు పిలిస్తే విని నా కాళ్ళు వణికాయి, నిజంగా. ప్రోగ్రాం అయ్యాక దగ్గరికెళ్ళి క్యాసెట్ సంగతి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, హాల్లో మూల గుడ్డ కప్పి ఉన్న పాత పియానో వైపు చూసి "అది మోగుతుందా?" అని తెలుగులోనే అడిగారు, ఆ తెలుగులో వాల్తేరు యాస ఇంకా ఉంది.

గుడ్డ తీసి కూర్చుని ముందు పాటేదీ వాయించలేదు. ఎడమ చివర నుంచి ఒక్కొక్క కీ మెల్లగా నొక్కుకుంటూ కుడి చివర దాకా వెళ్ళారు, 88 కీలూ. కొన్ని దిగి లేవలేదు, కొన్ని మోగలేదు. నేను పక్కన నిలబడి లెక్కపెట్టాను, 11 కీలు చచ్చిపోయాయి. తర్వాత దాదాపు గంట వాయించారు, ఆ 11లో ఒక్కదాని మీద కూడా వేలు పడలేదు. ఆ లోపం అక్కడున్న ఎవరికీ తెలీలేదు. చాలా ఏళ్ళకి 1975 జనవరిలో కీత్ జారెట్ అనే అమెరికా పియానో ఆయన జర్మనీలోని కొలోన్‌లో చేసిన కచేరీ సంగతి చదివాను, పెట్టిన పియానో బాగోక, బేస్, అంటే కింది స్వరాలు, సరిగ్గా మోగక, పై స్వరాలు డబ్బాలా వినిపిస్తుంటే ఎక్కువగా మధ్య స్వరాల్లోనే ఉండి గంటకి పైగా వాయించాడని. అది చదువుతుంటే నాకు కంటోన్మెంట్ హాలే కళ్ళ ముందుకి వచ్చింది.

తర్వాత నన్ను కూర్చోబెట్టి వాయించమన్నారు. ఆ సాయంత్రం వాయించిందే ఏదో వాయించాను. రెండు నిమిషాలు విని ఆపమన్నారు. నా ఎడం బొటనవేలు పట్టుకుని పైకెత్తి నాకే చూపించారు, గోరు తెల్లగా ఉంది. "ఎవరి మీద కోపం?" అన్నారు. తర్వాత "ఇందాక మీ పార్టీలో బేస్ గిటార్ కుర్రాడు ఉన్నాడు కదా, వాడికి డబ్బులు ఇస్తున్నారా?" అని అడిగారు. ఇస్తున్నారండీ అన్నాను. "మరి వాడి స్వరం నువ్వెందుకు వాయిస్తున్నావ్, వాడి పని వాణ్ణి చెయ్యనీ."

నాకు అర్థం కాలేదని మొహం చూస్తే తెలిసిపోయినట్టుంది. ఏం నేర్చుకున్నావ్ అన్నారు, వయొలిన్ అన్నాను. "అయితే నీ కచేరీలో తంబురా ఉంటుందా?" ఉంటుందండీ, శ్రుతి పెట్టె ఉంటుంది. "అది స అని మోగుతూనే ఉంటుంది, నువ్వు కూడా అదే పనిగా స వాయిస్తూ కూర్చుంటావా?" లేదండీ. "ఇక్కడా అంతే." అంతే చెప్పారు. జాజ్ పుస్తకాల్లో రూట్‌లెస్ వాయిసింగ్ (రూట్ వదిలేయడం), షెల్ వాయిసింగ్ (కార్డ్‌లో ముఖ్యమైన రెండు మూడు స్వరాలే పట్టుకోవడం) అని పేజీలకి పేజీలు ఉంటాయి, నాకు ఈ రెండు మాటల్లో చెప్పారు.

చూపించింది ఇది. డీ మైనర్ సెవెన్త్ అంటే డీ, ఎఫ్, ఏ, సీ నాలుగు స్వరాల కార్డ్, అందులో డీ వదిలెయ్, ఏ కూడా వదిలెయ్, ఎఫ్, సీ రెండే పట్టుకో. ఇప్పుడు జీ సెవెన్త్‌కి వెళ్ళాలి, చెయ్యి లేపకు, సీ మీదున్న వేలొక్కటి బీకి జరుపు. ఎఫ్ అలాగే ఉంటుంది. ఇప్పుడు సీ మేజర్ సెవెన్త్, బీ అలాగే ఉంచి ఎఫ్ మీదున్న వేలు ఈకి జరుపు. అయిపోయింది. మూడు కార్డులు, రెండు వేళ్ళు, ప్రతిసారీ కదిలింది ఒక్క వేలు, అదీ పక్క కీకే. సీని స అనుకుని మన స్వరాల్లో చెప్పాలంటే మ-స, తర్వాత మ-ని, తర్వాత గ-ని. నేను నోటితో పాడుకుని చూశాను, మ గకి దిగిన చోట ఒళ్ళు జలదరించింది. శంకరాభరణంలో ఆ అంతర గాంధారం నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు, కానీ కింద నుంచి అలా వచ్చి తలుపు తీస్తుందని తెలీదు.

మర్నాడు పొద్దున్న మ్యూజిక్ కాలేజీ చూస్తానన్నారు. తీసుకెళ్ళాను. 1919లో మహారాజా వారు పెట్టిన కాలేజీ అని, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్ అని, ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఇక్కడే వయొలిన్ నేర్పి తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారని, ఘంటసాల గారు ఇక్కడే చదువుకున్నారని చెప్పుకుంటూ నడిచాను. వరండాలో నిలబడి లోపల పిల్లలు సరళీస్వరాలు వాయిస్తుంటే చాలాసేపు విన్నారు. వయొలిన్ ఎక్కడిదో మీరు మీది చేసేసుకున్నారు, పియానోని కూడా అలాగే చేసుకోండి అన్నారు. తర్వాత ఖరహరప్రియ పాడమన్నారు, హాల్‌కి తిరిగొచ్చాక పాడాను, డీ శ్రుతికి పెట్టుకుని. ఆయన ఎడం చేత్తో మూడు, కుడి చేత్తో రెండు కలిపి ఐదు స్వరాలు ఒక్కసారి నొక్కారు, కింద నుంచి ఈ, ఏ, డీ, జీ, బీ, వెంటనే ఒక మెట్టు దించి డీ, జీ, సీ, ఎఫ్, ఏ. నేను పాడుతున్న రాగమే, ఒక్క అన్యస్వరం లేదు, కానీ ఇంకో దేశం నుంచి వస్తున్నట్టుంది. 1959లో న్యూయార్క్‌లో ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ 'సో వాట్' అనే జాజ్ ట్యూన్ రికార్డ్ చేసినప్పుడు బిల్ ఎవాన్స్ పియానోలో వాయించిన కార్డులు ఇవేనని, మీ ఖరహరప్రియ స్వరాల వరసనే అక్కడ డోరియన్ అంటారని చెప్పారు.

ఆ రాత్రి కలకత్తా రైలుకి వెళ్ళిపోయారు. స్టేషన్‌కి వెళ్ళి బెర్త్ దాకా సామాను పెట్టాను. మళ్ళీ కలవలేదు, కొన్నేళ్ళకి పోయారని తెలిసింది. ఆయన చూపించినవి నేను వాయించాను, నేర్పాను కూడా, కానీ అదంతా ఒక అందమైన పద్ధతి, ఒక స్టైల్ అనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ముందు గోరు చూపించి తర్వాత రెండు స్వరాలు చూపించారని, ఆ రెండూ ఒకటే మాటని, ఈ కుర్రాడి గోరు చూసేదాకా నాకు తట్టలేదు. పక్కవాడికి చోటు ఇస్తే మన చేతికి కూడా బరువు తగ్గుతుంది.

ఇప్పుడు కుర్రాడికి ఏం చేశానో చెప్తాను. పది రోజులు ఎడం చెయ్యి పూర్తిగా ఆపించాను. ఆ పది రోజులూ పాడించాను. ఫోన్లో శ్రుతి పెట్టి మ-స, మ-ని, గ-ని ఇద్దరం పంచుకుని పాడేవాళ్ళం, వాడు పై స్వరం, నేను కింది స్వరం, తర్వాత మార్చుకుని. చర్చిలో పాడే గొంతు, చక్కగా పట్టుకున్నాడు. పదకొండో రోజు నుంచి, రోజుకి 10 నిమిషాలు, రెండు వేళ్ళు, ఆ మూడు కార్డులు మాత్రమే. రిథమ్ స్టైల్ (మనం నొక్కిన కార్డ్‌ని బట్టి కీబోర్డే తాళం, బేస్ వాయించేది) ఆన్‌లో పెడితే రెండు స్వరాలకి కీబోర్డ్ కార్డ్ సరిగ్గా గుర్తుపట్టక పిచ్చి కార్డులు వేస్తుంది, కాబట్టి స్టైల్ పూర్తిగా ఆపేయాలి. ఇంట్లో వాడికి బేస్ లేదు కదా, నేనే డీ, జీ, సీ బేస్ వాయించి రికార్డ్ చేసి వాట్సాప్‌లో పంపాను, దాని మీద వాయించేవాడు. నొక్కి పట్టుకోవడం మాన్పించడానికి ఒక్కటే చెప్పాను, సౌండ్ వినపడగానే వేలు కీ మీదే ఉంచి బలం వదిలెయ్ అని. మాటతో వాడికి అర్థం కాలేదు. అప్పుడు ఆ పెద్దాయన నా వేలు పట్టుకుని చూపించినట్టే, నేను కూడా నా అరచెయ్యి వాడి మణికట్టు కింద పెట్టి వాయించమన్నాను. మొదట్లో గాల్లో తేలే కర్రలా ఉంది, నాకు బరువే తెలీలేదు, అంత బిగబట్టాడు. నాలుగైదు రోజులకి ఒకసారి ఠక్కున చెయ్యి బరువంతా నా అరచేతిలో పడింది. వాడికీ తెలిసింది, నా మొహం చూసి నవ్వాడు. నొప్పి మొదలైన తర్వాత వాడు నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి.

నొప్పి పదికి ఎంతరా అని ప్రతి శనివారం అడిగి రాసుకున్నాను. నేను ఎక్సర్‌సైజులు ఆపించిన వారం 8 అన్నాడు. ఎడం చెయ్యి మళ్ళీ మొదలెట్టిన రెండు వారాలకి 4, ఆరో వారానికి 2. అప్పటికి రోజుకి 40 నిమిషాలు వాయిస్తున్నాడు, మధ్యలో ఒకసారి లేచి తిరిగి రమ్మన్నాను. ఎనిమిదో వారం ఒక పెళ్ళి ప్రోగ్రాంకి పంపాను, నేను కూడా వెళ్ళి వెనక నిలబడ్డాను. బేస్ గిటార్ అబ్బాయి మొదటి పాటకే తిరిగి వీడి వైపు చూశాడు. ప్రోగ్రాం అయ్యాక పాడే అమ్మాయి వచ్చి, ఈరోజు నా గొంతు నాకు వినపడిందన్నా, సౌండ్ సెట్టింగ్ ఏమైనా మార్చారా అని అడిగింది. మార్చింది సెట్టింగ్ కాదు, కింది ఆక్టేవ్‌లో బేస్ గిటార్‌తో గుద్దుకునే ఆ మూడేసి స్వరాలు పోయాయి, అంతే.

పూర్తిగా తగ్గిందని రాయను. మూడు గంటలు దాటిన ప్రోగ్రాం అయితే బొటనవేలి మొదట్లో మర్నాడు ఇంకా పట్టినట్టు ఉంటుంది. ఫాస్ట్ పాట వస్తే పాత అలవాటు తిరిగొస్తోంది, మళ్ళీ మూడు వేళ్ళు దిగిపోతున్నాయి, చూసి చెప్పాల్సి వస్తోంది. ఇంకోటి, ఈ రెండు స్వరాల పద్ధతి బేస్ ఎవరో ఒకరు వాయిస్తేనే నిలబడుతుంది. చర్చిలో వాడొక్కడే వాయించాలి, అక్కడ రూట్ లేకపోతే పాట నేల వదిలేసినట్టు ఉంటుంది. దానికి ఎడం చిటికెన వేలితో రూట్ ఒక్కసారి తాకి వదిలేసి, ఆ రెండు స్వరాలు కుడి చేతి కిందకి మార్చడం మొదలెట్టాం, ఇంకా కుదురుకోలేదు.

ఆ క్యాసెట్ నా దగ్గర ఉంది, టేపుకి బూజు పట్టింది. వైజాగ్‌లో ఒకాయన శుభ్రం చేసి ఫోన్లోకి ఎక్కించి ఇచ్చాడు, ఒక వైపు మాత్రమే బతికింది. మొన్న క్లాస్ అయ్యాక కుర్రాడికి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు, రెండు మూడు నిమిషాలు. "మాస్టారూ, ఈయన ఎడం సెయ్యి ఏదండి, ఇనపడతనేదు" అన్నాడు. నేనేమీ చెప్పలేదు. ఇంకాసేపు విన్నాడు, తర్వాత వాడి ఎడం చెయ్యి ఒళ్ళో దానంతటదే కదిలింది, రెండు వేళ్ళు, ఒక్క వేలు పక్కకి జరిగింది, ఆగింది, మళ్ళీ జరిగింది. "మళ్ళీ మొదట్నుంచి పెట్టండి" అన్నాడు.

పైడితల్లమ్మ పండగకి వాడికి వరసగా ప్రోగ్రాములు ఉన్నాయి. సిరిమానోత్సవం అయిన వారం మళ్ళీ వీడియో తీసి, గోరు చూసి, నొప్పి అంకె రాసుకుంటాను.